కనకాంబరం రంగు మెడ

మేముండేది బ్రిస్బేన్‌లో, సెలవులకి గుంటూరు వచ్చాం, మా అత్తగారిల్లు ఇక్కడే. పాపకి తొమ్మిదేళ్ళు, తెలుగు అంతా అర్థమవుద్ది కానీ నోరు తిరగదు, తాతయ్య ఏదడిగినా ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి ఊరుకుంటుంది, పాపం ఆయనా కాసేపు చూసి పేపర్ తీసుకునేవారు. నాకు ప్రాణం ఉసూరుమనేది.

మొన్న పక్కింటి కోడి మా పెరట్లో ఎండుటాకులు గీరుతుంటే పాప ఉన్నట్టుండి "తాతయ్యా, ఆ పిట్ట ఇట్లా కాదు, పక్కకి తంతుంది" అంది. తెలుగులో! సెప్టెంబర్లో లామింగ్టన్ నేషనల్ పార్క్‌కి వెళ్ళాంలెండి, కొండల మీద ఎప్పుడూ తేమగా ఉండే దట్టమైన అడవి, అక్కడ నేలమీద చూసిన పిట్ట సంగతి. మామయ్యగారు పేపర్ పక్కనపెట్టేశారు.

"కౌజా? పూరేడా?"

"కాదు, గోరింక కన్నా కొంచెం చిన్నది."

వీపంతా గోధుమరంగు మీద నల్ల మచ్చలు, కదలకపోతే ఆకుల్లో కలిసిపోద్ది. మెడకింద తెల్లగా ఉంటే మగది, ఆడదానికైతే... మాట దొరక్క లోపలికి పరిగెత్తి నానమ్మని చెయ్యి పట్టి లాక్కొచ్చి జడలో కనకాంబరాలు చూపించింది, "ఇదీ రంగు!"

"అదేంటే, కోడికీ నెమలికీ మగదానికేగా సోకులన్నీ" అన్నారాయన. దీనికి మాత్రం ఆడదానికే.

తోక ఈకల చివర ముళ్ళలా పొడుచుకొచ్చి ఉంటాయట, ఆ తోక నేలకి ఆనించి ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో ఆకులు పక్కకి చిమ్మి కింద పురుగుల్ని తింటుంది, అది చెప్పడం రాక తాతయ్య చేతికర్ర వెనక ఆనించుకుని చేసి చూపించింది. పేరు ఆస్ట్రేలియన్ లాగ్‌రన్నర్. ఆయన మాత్రం ఆకుచిమ్ముడు పిట్ట అనే అంటున్నారు.

రెండేళ్ళుగా ఆదివారం తెలుగు క్లాసుకి తిప్పుతున్నా, ఇంట్లో "తెలుగులో చెప్పు, తెలుగులో చెప్పు" అని వెంటపడ్డానే గానీ చెప్పాలనిపించేది దానికేముందో నేనెప్పుడూ చూడలేదు.

నిన్న ఇద్దరూ గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడు పక్షుల చెరువుకి వెళ్ళారు, నేను వెనకాలే నడిచా. చెరువులో చెట్లనిండా గూడబాతులు, అదే పెలికాన్లు.

"మా దగ్గర వీటికి రెక్కలు నల్లగా ఉంటాయి తాతయ్యా, ఇవి బూడిదరంగేంటి?"

"ముందు ముక్కు చూడు, చుక్కలున్నాయా?"

"ఆగు, లెక్కపెడుతున్నా."