ముప్పై గ్రాముల విమానం కోసం బెంగళూరుకి

తెల్లవారుజామున నాలుగున్నరకి అనంతపురం బస్టాండులో టీవీ డబ్బా మోసుకుంటూ బెంగళూరు బస్సెక్కాను. కండక్టరు ముందు డబ్బాని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"లగేజీ టికెట్ కొట్టల్ల సార్. ఏముంది దాంట్లో?"

"విమానం" అన్నాను. వెనక సీట్లో ఎవరో నవ్వారు. కండక్టరు మాత్రం నవ్వకుండా టికెట్ కొట్టేశాడు.

నిజంగానే అందులో విమానం ఉంది, రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానం. 3 మిల్లీమీటర్ల మందం డెప్రాన్ అనే తేలికపాటి ఫోమ్ షీటు కోసి నేనే చేసుకున్నది. రెక్కలు ఈ చివరి నుంచి ఆ చివరికి 60 సెంటీమీటర్లు. బయలుదేరడానికి రెండు రోజుల ముందు దాని కుడి రెక్క బీరువా తలుపుకి తగిలి విరిగింది. ఇంట్లో ఉన్న మామూలు క్విక్ గ్లూ పెట్టాను. డెప్రాన్ కూడా థర్మాకోల్ జాతిదే, ఆ గ్లూ పడితే కరిగిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తొందరలో పెట్టాను. కళ్ల ముందే రెక్కలో రూపాయి బిళ్లంత బొక్క పడింది. చేసేది లేక పార్సిళ్లకి అంటించే బ్రౌన్ టేపు రెండు వైపులా దట్టంగా చుట్టాను. ఆ టేపు సంగతి తర్వాత చెబుతాను.

హాల్లో నాలుగు గోడల మధ్య ఎగరేసే ఈ పిచ్చి నాకు అంటించింది మా అక్క కొడుకు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకో ఆదివారం ఒక బ్యాడ్మింటన్ హాలు పొద్దుటి పూట అద్దెకి తీసుకుని పదిహేను మంది దాకా చేరి ఇవి ఎగరేస్తారు. "ఒక్కసారి వచ్చి చూడు మామా" అని ఆరు నెలలు వెంటబడ్డాడు.

చిక్బళ్లాపూర్ దాటేసరికి తెల్లారింది. నంది కొండ సగం మబ్బులో ఉంది. అక్కడి నుంచి దారంతా విమానాలే. ముందు దేవనహళ్లి ఎయిర్‌పోర్టు, తర్వాత ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగే యలహంక వైమానిక స్థావరం, ఆ తర్వాత శిక్షణ విమానాలు తిరిగే జక్కూరు. ఆకాశం నిండా నిజం విమానాలున్న ఊళ్లో బొమ్మ విమానానికి నాలుగు గోడలే దిక్కు అనుకుంటూ హెబ్బాళలో దిగాను.

హాల్లోకి అడుగు పెట్టగానే పది గొంతులు ఒకేసారి అరిచాయి: "తలుపు!" బయటి గాలి దూరిందని ఆ కేకలు. కిటికీలు మూసేశారు, ఫ్యాన్లు ఆపేశారు. అందరి చొక్కాలూ తడిసి వీపులకి అంటుకున్నాయి. మన ముఖానికి కూడా తెలియని గాలి చాలు, ఆ విమానం పక్కకి కొట్టుకుపోవడానికి. చాయ్ తెచ్చిన కుర్రాడు కూడా తలుపు సందులోంచి ఒళ్లు ఒత్తిగిల్చుకుని లోపలికొచ్చాడు.

గుమ్మం పక్కనే బల్ల మీద బంగారం తూచే కాటా. నాది పెడితే 46 గ్రాములు! మా వాడిది 31. అక్కడ కూర్చున్న పెద్దాయన రెక్క తిప్పి చూసి, "టేపే తొమ్మిది గ్రాములు ఉంటాదప్పా" అన్నారు. చిత్తూరు వైపు మనిషి, విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1940లో ఆ ఫ్యాక్టరీ ఇక్కడ పెట్టబట్టి గానీ, ఈ ఊళ్లో ఏ సందులో అడిగినా విమానం గురించి చెప్పే ముసలాయన ఒకరు దొరుకుతారా?

బరువు గురించి ఆయన చెప్పింది తేలికగా అర్థమైంది. అదే రెక్క మీద బరువు రెట్టింపైతే, పడిపోకుండా ఉండటానికి కావలసిన వేగం సుమారు 40 శాతం పెరుగుతుంది. మలుపులో రెక్క వాల్చినప్పుడు ఇంకా పెరుగుతుంది. మైదానంలో అయితే ఫరవాలేదు. ఇక్కడ మూడు సెకన్లకి గోడ వస్తుంది.

పందేనికి హాలు రెండు చివర్లా ఇసుక బకెట్లలో పీవీసీ పైపులు నిలబెట్టారు. ఒకేసారి నాలుగు విమానాలు, పది చుట్లు, అన్నీ ఎడమ వైపు మలుపులే. అందరూ ఒకే గోడ దగ్గర నిలబడి నడుపుతారు. ఎడమ చివర పైపు చుట్టూ తిరిగినప్పుడు విమానం ముక్కు మన వైపుకి వస్తుంది. అప్పుడు మన కుడి దానికి ఎడమ. నా వేళ్లకి ఆ లెక్క అందలేదు. మూడో చుట్టులో వెడల్పుగా పోతోందని, ముక్కు ఎత్తే తోక రెక్క ఎలివేటర్‌ని గట్టిగా లాగాను. మలుపు లోపలి వైపు రెక్క గాలిలో పట్టు తప్పి ఒక్కసారిగా కూలి, విమానం బొంగరంలా తిరిగి నేలని గుద్దింది. ముక్కు విరిగింది. అదే మలుపులో ఇంకో రెండు ఢీకొన్నాయి. ఒకదాని ప్రొపెల్లరు రెండోదాని రెక్కని కొబ్బరి కోరినట్టు కోరేసింది. తెల్లటి రజను మెల్లగా నేల మీదికి రాలింది. ఆ ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

"నీ మీదికి వస్తా ఉంటే, ఏ రెక్క కిందికి వాలిందో ఆ పక్కకే స్టిక్ తొయ్యప్పా. లేస్తాది" అన్నారు పెద్దాయన. కుడీ ఎడమా ఆలోచించే పనే లేదు. పదిహేనేళ్ల నుంచి ఎగరేస్తున్న నాకు ఈ ముక్క ఇంతవరకు ఎవరూ చెప్పలేదు!

విమానం నడిపే రిమోట్‌నే మేం రేడియో అంటాం. ఆయన ఆ రేడియోల పాత రోజుల గురించీ చెప్పారు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు రేడియో ఆన్ చేస్తే విమానం పోయినట్టేనట. అందుకే మైదానంలో బోర్డు పెట్టి, దానికి తమ నంబరు క్లిప్పు తగిలించాకే స్విచ్ వేసేవాళ్లట. ఒకదానికొకటి అడ్డుపడని 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఆ టెన్షన్ పోయింది.

పందేలు అయ్యాక ఆయన తన విమానం బయటికి తీశారు. సన్నటి కార్బన్ పుల్లలు, వాటి మీద పూలగుత్తులకి చుట్టే కవరులాంటి పొర. మొత్తం 16 గ్రాములు, అందులో నాలుగు బ్యాటరీవే. చేతిలోంచి వదిలితే పడలేదు, పరిగెత్తలేదు. మనిషి నడిచినంత వేగంతో కదిలింది. ఆయన పక్కనే నడుస్తూ హాలంతా ఒక చుట్టు తిప్పారు. ప్రొపెల్లరు ఎంత నిదానమంటే దాని రెక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. రబ్బరు బద్దీ పురితో ఎగిరే మోడళ్లు ఇంకా తేలికట. రెండు గ్రాములు కూడా ఉండవు, పెద్ద హాళ్లలో అరగంటకు పైగా తేలుతాయట. పందెం సరదానే, కాదనను. నేను మళ్లీ బెంగళూరు బస్సెక్కేది మాత్రం ఆ నడక చూడటానికే.

"ఇదో, పట్టుకో" అని ఆయన రేడియో నా చేతికిచ్చారు. చెమట చేతుల్ని ప్యాంటుకి తుడుచుకుని ఒక్క చుట్టు తిప్పాను. రెండో చుట్టు తిప్పే ధైర్యం రాలేదు.

సాయంత్రం హెబ్బాళలో మళ్లీ బస్సు. ముక్కు విరిగిన విమానం, పెద్దాయన ఇచ్చిన డెప్రాన్ షీటు రెండూ డబ్బాలోనే. టేపు మాత్రం హాల్లోనే పీకి పారేశాను. ఈసారి ఇంకో కండక్టరు. లగేజీ టికెట్ కొడదామని డబ్బాని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"ఖాళీ డబ్బానా?"

"ఆఁ" అన్నాను.