ప్రార్థన మనవుల్లో లేని పొరుగువాళ్లు

మా చర్చిలో ఆదివారం ప్రార్థన మనవుల చీటీలు చదివేది నేను. వాటిలో సగం వీసా గురించే ఉంటాయి. స్టాంపింగ్ అవ్వాలి, లాటరీలో పేరు రావాలి, ఉద్యోగం పోయిన అల్లుడికి 60 రోజుల్లోపు ఇంకోటి దొరకాలి. మా అబ్బాయి డాలస్‌లో ఉన్నాడు కాబట్టి నా చీటీ కూడా వాటిలో ఉంటుంది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం చర్చిలు, స్కూళ్లు, ఆసుపత్రుల్లో ఇమిగ్రేషన్ అరెస్టుల మీద అప్పటిదాకా ఉన్న పరిమితులు ఎత్తేసినప్పుడు మా స్త్రీల కూడికలో ఒకటే టెన్షన్. "ఆరాధన మధ్యలోకి కూడా వస్తారా అక్కా?" అని అందరూ నన్నే అడిగేవాళ్లు, నాకేదో తెలిసినట్టు.

మా వాడు అక్కడ దిగిన రాత్రి ఎయిర్‌పోర్టుకు కారు తెచ్చిందీ, పాత పరుపు, రైస్ కుక్కర్ ఇచ్చిందీ, బ్యాంకు ఖాతా తెరిపించిందీ ముక్కూ మొహం తెలియని ఒక చర్చివాళ్లు. ఈ సంగతి నేను సాక్ష్యంగా చెబితే అందరూ స్తోత్రం అన్నారు.

ఇక మన గోడ అవతలి సంగతికొస్తాను. మేముండేది హైదరాబాద్‌లో లింగంపల్లి వైపు. టవర్లు లేస్తున్న చోటల్లా పక్కనే రేకుల షెడ్లుంటాయి. వాటిలో ఉండేది జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బిహార్ వాళ్లు. ఏ రాష్ట్రం వాళ్లయినా మనవాళ్ల నోట 'బిహారీలే'. చట్టం ప్రకారం వీళ్లు పరదేశులు కారు, ఈ దేశ పౌరులే. కానీ భాష రాని మనిషికి ఆసుపత్రి కౌంటర్ దగ్గరా పోలీస్ స్టేషన్‌లోనూ ఆ పౌరసత్వం ఎంత పనికొస్తుందో ఒక్కసారి వాళ్లతో వెళ్లి చూడండి.

లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలను సొంతూళ్లకు చేర్చడానికి 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది మా లింగంపల్లి స్టేషన్ నుంచే. దాదాపు 1,200 మంది జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లారు. ఆ రోజుల్లో మేమూ అన్నం పొట్లాలు పంచాం. రైళ్లు వెళ్లిపోయాక ఆ పరిచర్య ముగిసిందనుకున్నారు మా సంఘ పెద్దలు. లాక్‌డౌన్ తీసేశాక షెడ్లు మళ్లీ నిండాయి, పొట్లాల కమిటీ మాత్రం మళ్లీ కూర్చోలేదు.

అసలు పని మొదలైంది ఒక ప్రమాదంతో. జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా నుంచి వచ్చిన ఉరావ్ తెగ కుర్రాడు సెంట్రింగ్ పనిలో పరంజా మీంచి పడ్డాడు. కాంట్రాక్టర్ ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించి, అడ్వాన్స్ కట్టి, ఫోన్ స్విచాఫ్ చేసేశాడు. ఆ కుర్రాడి బావ మా చర్చికి వచ్చేవాడట. వెనక, చెప్పులు విడిచే చోట నిలబడి వెళ్లిపోయేవాడు. ఆయనకు ఈ ఊళ్లో తెలిసిన మనిషి మా వాచ్‌మన్ ఒక్కడే.

మాది పేద సంఘమే. అయినా మనుషులున్నారు. ఐసీయూలో పనిచేసే నర్సమ్మ వెళ్లి, డాక్టర్‌తో మాట్లాడి, సర్కారు ఆసుపత్రికి మార్పించింది. కార్మిక శాఖలో రిటైరైన ఒక పెద్దాయన పరిహారం కోసం అర్జీ రాశారు. హాజరు పుస్తకం ఫొటో, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, కాంట్రాక్టర్ వాయిస్ మెసేజ్‌లు, ఇలా ఆ కుర్రాడు అక్కడ పనిచేశాడనడానికి దొరికిన రుజువులన్నీ జత చేశారు. నలుగురు తెలుగువాళ్లు కాగితంతో వచ్చేసరికి కాంట్రాక్టర్ ఫోన్ దానంతటదే ఆన్ అయింది. రావాల్సిన డబ్బంతా రాలేదు, కొంత వచ్చింది.

అందుకే సెమీ క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి ఫొటో దిగడం నాకు నచ్చదు. దుప్పటి వాళ్లు కొనుక్కోగలరు. ఈ ఊళ్లో మాట చెల్లే మనిషి తోడు రావడమే వాళ్లకు దొరకనిది. మన సంఘాల్లో టీచర్లు, నర్సులు, రిటైరైన గుమాస్తాలు, ఇద్దరు ముగ్గురు లాయర్లు ఎక్కడైనా ఉంటారు.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం సండే స్కూల్ గదిలో ఒక బల్ల వేసి కూర్చుంటున్నాం. ఉదయం పెడితే ఎవరూ రారు. వారం ఖర్చీ, అంటే చేతి ఖర్చు డబ్బు అంది, సంతకు వెళ్లొచ్చాకే వాళ్లకు తీరిక. ఎక్కువగా వచ్చేవి చిన్న పనులే. సొంతూరి రేషన్ కార్డుతో ఇక్కడి షాపులో బియ్యం తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదు, నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు కూడా అంతే. బోర్డు కార్డుకు ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి. ఆ సర్టిఫికెట్ దగ్గరే కథ ఆగిపోతుంది, మేస్త్రీ సంతకం పెట్టడు. కేసుల దాకా వెళ్తే 15100కు ఫోన్ చేస్తాం, ఉచిత న్యాయ సహాయం నంబరది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా లాయర్‌ను ఇస్తారు.

ఒక విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. ఆ బల్ల మీద కరపత్రాలుండవు, ప్రార్థన చేయించుకుంటేనే సాయం అన్న మాట ఉండదు. మా పాస్టరు అయ్యగారికి మొదట ఇది మింగుడుపడలేదు. ఒడిశాలో 1967 నుంచీ, జార్ఖండ్‌లో 2017 నుంచీ మతమార్పిడిని కట్టడి చేసే చట్టాలున్నాయి. ఇక్కడ మనం పెట్టిన అన్నానికి అక్కడ ఊళ్లో వాళ్ల ఇంటివాళ్లను నిలదీస్తే ఎవరు జవాబు చెబుతారు? అయినా చట్టం భయంతో చెప్పడం లేదు. కాలు విరిగిన మనిషి దగ్గర ఆత్మకు రక్షణ అంటూ బేరం పెట్టడం నాకు సిగ్గుగా ఉంటుంది. బైబిల్లో బోయజు పరదేశి అయిన రూతును తన పొలంలో పరిగె ఏరుకోనిచ్చినప్పుడు ముందు పరీక్ష పెట్టలేదు కదా.

మయన్మార్ నుంచి పారిపోయి వచ్చి బాలాపూర్‌లో ఉండే రోహింగ్యాల మాట ఎత్తితే మా కమిటీలో గొంతులు లేచాయి. వాళ్లు ముస్లింలు, మనకెందుకు, పోలీసులతో గొడవ అన్నారు. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకం చేయలేదు కాబట్టి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు ఉన్నా వాళ్లకు ధీమా లేదన్నది నిజమే. కానీ జ్వరమొచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఏ ఒప్పందమూ అక్కర్లేదు. మా నర్సమ్మ ఎవరినీ అడక్కుండా ఒకసారి వెళ్లొచ్చింది.

వచ్చే కమిటీ మీటింగులో నా మనవి ఒకటుంది. వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే ఆ సండే స్కూల్ గదిని పగలు షెడ్ల పిల్లలకు ఇవ్వాలి. వాళ్లిప్పుడు ఇసుక కుప్పల మీద, లారీలు రివర్స్ అయ్యే చోట ఆడుకుంటున్నారు. కొత్తగా వేయించిన టైల్స్ పాడవుతాయని కోశాధికారి గారు ఇప్పటికే అభ్యంతరం చెప్పారు. టైల్స్ డబ్బు సగం అమెరికా నుంచి మన పిల్లలు పంపిందేనని లెక్కల పుస్తకం పట్టుకెళ్లి చూపిద్దామనుకుంటున్నాను.