వేటపాలెం రైలెక్కిన మా లైబ్రరీ పిల్లలు

ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని లైబ్రరీకి రప్పించడం పెద్ద కష్టం కాదు. మూడో వారంలో కూడా వాళ్ళు వచ్చేలా చూడటమే కష్టం. తెనాలి దగ్గర మా ఊరి శాఖా గ్రంథాలయంలో వేసవి చదువుల కార్యక్రమం నడిపేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మొదటి వారం అంతా కొత్త, హడావిడి. ఆ తర్వాత పెళ్ళిళ్ళు మొదలవుతాయి, సగంమంది అమ్మమ్మగారి ఊళ్ళకి వెళ్ళిపోతారు, మిగిలినవాళ్ళని ఫోన్లు లాక్కుంటాయి. అందుకని ఈసారి శిబిరం మధ్యలో ఒక ప్రయాణం పెట్టాం. వేటపాలెం వెళ్ళి అక్కడి పాత గ్రంథాలయం సారస్వత నికేతనం చూసి రావడం. పుస్తకాలంటే మన లైబ్రరీలో ఉన్న రెండు బీరువాలే కాదని, ఒక ఊరు ఊరంతా కలిసి వందేళ్ళుగా ఒక గ్రంథాలయాన్ని కాపాడుకోవచ్చని పిల్లలు కళ్ళతో చూడాలని మా ఆశ.

బయల్దేరే ముందు పని చాలా ఉంటుంది. ప్రతి ఇంటికీ వెళ్ళి అమ్మానాన్నల చేత అనుమతి కాగితం మీద సంతకం పెట్టించుకున్నాం. పెద్దవాళ్ళు ఎవరెవరు తోడొస్తారో రాసుకున్నాం, ఎవరికి ఏ మందులు పడవో అడిగాం. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి జనరల్ బోగీలో అర టికెట్టే కాబట్టి ఖర్చు మరీ ఎక్కువ కాలేదు, మిగతాది ఊళ్ళో నలుగురం వేసుకున్నాం. తల్లులు పులిహోర, దద్దోజనం పొట్లాలు కట్టి ఇచ్చారు. పొద్దున్నే ఆటోల్లో తెనాలి చేరి బండి ఎక్కేసరికి కిటికీ సీట్ల కోసం గొడవ. బండి కదిలాక గానీ సర్దుకోలేదు.

రైల్లో జరిగింది ఒకటి చెప్పాలి. మా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది ఇంగ్లీష్ మీడియం. తెలుగు బాగా మాట్లాడతారు, చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. నాలుగో తరగతి చదివే ఒక పాప, లైబ్రరీలో పుస్తకం చేతికిస్తే బొమ్మలు మాత్రం చూసి పెట్టేసేది, ఆ రోజు కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ బోర్డులు చదవడం మొదలుపెట్టింది. నిడుబ్రోలు బానే వచ్చింది. అప్పికట్ల దగ్గర ‘ప’ కింద ఒత్తు చూసుకుని ఒకసారి ఆగి, మళ్ళీ గట్టిగా అంది. స్టువర్టుపురం వచ్చేసరికి బండి కదిలిపోతుంటే మెడ తిప్పి మరీ చదివి పూర్తి చేసింది. బోర్డు మీద కిందనే ఇంగ్లీషులో కూడా ఉంది, అటు చూడలేదు. తెలుసుకోవాల్సిన అవసరం ఉన్నప్పుడు పిల్లలు చదువుతారు, ఎవరో పరీక్ష పెడుతున్నట్టు అనిపిస్తే నోరు మూసుకుంటారు. మా కార్యక్రమంలో పుస్తకం చదివాక సారాంశం రాయమని అడగకపోవడానికి కారణం ఇదే. చాలామంది తల్లిదండ్రులకి ఇది నచ్చదు. "స్పోకెన్ ఇంగ్లీష్ ఏమైనా చెప్తారా?" అనే మొదటి ప్రశ్న. వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళ టెన్షన్ వాళ్ళది. కానీ ఏడాదంతా ట్యూషన్లలో గడిపిన పిల్లకి ఈ నెలన్నర కూడా ఇంకో ట్యూషన్ అయిపోతే ఇక పుస్తకం అంటే ఇష్టం ఎప్పుడు పుడుతుంది?

మేం చేసేది చాలా చిన్న పని. లైబ్రరీ పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఉంటుంది. పొద్దున పూట పిల్లలది. బీరువా తాళం తీసి పిల్లల పుస్తకాలన్నీ చాపల మీద పరిచేస్తాం, అట్టలు పైకి కనపడేలా. బీరువాలో వరసగా నిలబెట్టిన పుస్తకాన్ని ఏడేళ్ళ పిల్లాడు ఎప్పటికీ తీయడు, అట్ట మీద ఏనుగు కనపడితే తీస్తాడు. ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకోవాలి. ‘నీ వయసుకి ఇది కాదు’ అనే మాట మా దగ్గర లేదు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివి వినిపించాలి. ఇంటికి పుస్తకం పట్టుకెళ్ళాలి, నోటుబుక్కులో తన పేరు తనే రాసుకుని. చిరిగితే జరిమానా లేదు, జిగురు తెచ్చి అందరం కూర్చుని అతికిస్తాం. మా లైబ్రేరియన్‌గారు రెండు శాఖలు చూసుకోవాలి, ఒక్కరే. అయినా పుస్తకాలు ఇంటికివ్వడానికి ఆవిడ ఏనాడూ అడ్డు చెప్పలేదు, అందుకు ఆవిడకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

తెనాలి దాటాక బండి కాలవల మీదుగా వెళ్తుంది. మే నెల కదా, నీళ్ళు అడుగంటి, గుర్రపుడెక్క ఎండి పడి ఉంది. పడవలో గ్రంథాలయం కథ అప్పుడు చెప్పాను. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పారని, ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళకీ పడవ ప్రయాణికులకీ చదువుకోడానికి ఇచ్చేవారని. కొల్లూరు అంటే మా పిల్లలకి చుట్టాల ఊరు, ఎక్కడో దూరం కాదు. పడవ మీద పుస్తకాలు తడవవా, వాన వస్తే ఏం చేసేవారు, తిరిగి ఇవ్వకపోతే ఎలా, అని ఒకటే ప్రశ్నలు. ఈ మూడో ప్రశ్న మా లైబ్రరీలో కూడా రోజూ వచ్చేదే!

తోడొచ్చిన ఒక నాన్న మధ్యలో అడిగాడు, లైబ్రరీకి డబ్బులు ఎవరిస్తారండీ అని. మీరేనండీ అన్నాను. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాలి. చేరాల్సినప్పుడు చేరక, బకాయిలు పేరుకుపోయి, చివరికి దెబ్బ పడేది కొత్త పుస్తకాల మీద. ఆయనకి ఈ సంగతే తెలీదు. సెస్సు కట్టే ప్రతి మనిషీ తన ఊరి లైబ్రరీలో పిల్లల పుస్తకాలు ఈ ఏడాది ఎన్ని కొన్నారో అడగాలి, అడిగే హక్కు ఉంది.

చీరాల, జాండ్రపేట దాటాక వేటపాలెం. చేనేత ఊరు, జీడిపప్పు ఊరు. సందుల్లోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుంటే మగపిల్లలు ఒక గుమ్మం ముందు కదలకుండా నిలబడిపోయారు. లోపలున్నాయన పిలిచి గుంట మగ్గంలో కాళ్ళు ఎక్కడ పెడతారో చూపించాడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది, గబగబా నడిపించాను.

సారస్వత నికేతనం 1918లో మొదలైంది, ఊరి యువకుల పూనికతో. 1929లో గాంధీజీ వచ్చి దీని భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రని ఇక్కడ ఇప్పటికీ భద్రంగా దాచారు. పిల్లలు ముందు దాని చుట్టూనే మూగారు. "గాంధీ తాత లైబ్రరీకి ఎందుకొచ్చాడు, ఉద్యమం పనులుండవా?" అని ఒకడు. ఆ రోజుల్లో లైబ్రరీ కూడా ఉద్యమమేరా అన్నాను. చదువొచ్చినవాళ్ళు పత్రిక పైకి చదువుతుంటే రానివాళ్ళు చుట్టూ కూర్చుని వినేవారు, ఊరూరా గ్రంథాలయాలు పెట్టడానికి అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటి వాళ్ళు జీవితమంతా ఖర్చుపెట్టారు, 1914లోనే బెజవాడలో గ్రంథాలయాలవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. వాడు విన్నాడు గానీ, పైకి చదివి వినిపించడం అన్నదే బాగా పట్టింది. "మనం చేసేదే కదా" అన్నాడు.

నాకైతే పాత పత్రికల దగ్గర గడిపిన సమయమే ఆ రోజంతటిలోకీ విలువైనది. స్వాతంత్ర్యానికి ముందటి పత్రికలు బైండ్లు కట్టి ఉన్నాయి, పరిశోధన చేసేవాళ్ళు వీటి కోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు. ముట్టుకోవద్దని పిల్లలకి ముందే చెప్పాం. అక్కడున్న పెద్దాయన ఒక ఆంధ్రపత్రిక బైండు బల్ల మీద పెట్టి, కాగితం కింద అరచెయ్యి ఆనించి, ఒక్కో పేజీ ఎత్తి తిప్పారు. అంచులు పెళుసెక్కి గోధుమరంగుకి తిరిగాయి, కలరా ఉండల వాసన, కాగితం పొడి బల్ల మీద సన్నగా రాలింది. పిల్లలు తలలు దగ్గరగా పెట్టి చూస్తున్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. అంతలో ఒక పిల్లాడు "అమృతాంజనం!" అని అరిచాడు. పేజీ మూల ప్రకటన. "మా తాతయ్య రోజూ రాసుకుంటాడు!" ఆ తలనొప్పి మందు కంపెనీ పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావుగారే ఈ పత్రిక కూడా పెట్టారని, మందు అమ్మిన డబ్బు పత్రికకీ పుస్తకాలకీ పెట్టారని చెబితే వాళ్ళు అస్సలు నమ్మలేదు. తర్వాత అరగంటసేపు ఆ పేజీలో ఇంకేం ఉన్నాయో వెతుక్కుంటూ, అక్షరాలు కూడబలుక్కుంటూ చదివారు. చదవమని మాలో ఎవరం అనలేదు.

ఇలాంటి చోటుకి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళకి ఒక మాట. గంటన్నర కన్నా ఎక్కువ లోపల ఉంచకండి. చిన్నవాళ్ళకి నీరసం వస్తుంది. మేం మధ్యలో బయట చెట్టు నీడన కూర్చోబెట్టి పొట్లాలు విప్పించాం, మజ్జిగ పోశాం, ఎండ తగ్గాక ఆటోల్లో రామాపురం సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాం. అక్కడి ఆటల గురించి రాయక్కర్లేదు, ఏ పిల్లలైనా ఒకటే.

తిరుగు బండిలో సగంమంది నిద్ర. పెద్ద పిల్లలు నలుగురైదుగురు మాత్రం పడవ సంగతి మళ్ళీ ఎత్తారు. కాలవలో నీళ్ళు లేవు సరే, ఆటో ఉంది కదా అని ఏడో తరగతి అమ్మాయి అంది. పక్క ఊళ్ళో లైబ్రరీ లేదు, అక్కడి పిల్లలు మా దగ్గరికి ఎండలో నడిచి రాలేరు, మనమే పుస్తకాలు పట్టుకెళ్తే? బాపట్ల దాటేలోపు లెక్క మొత్తం వేసేసుకున్నారు. ఎవరి నాన్న ఆటో, ఏ రోజు, ఎక్కడ చాప పరవాలి, తిరిగి ఇవ్వకపోతే ఏం చెయ్యాలి. చిరిగిన పుస్తకాలు పంపకూడదని ఒకరు, చిరిగినవే ముందు పంపుదాం, పోయినా పర్లేదని ఇంకొకరు. దీనిమీద గట్టిగా వాదన జరిగి, మంచివే పంపాలని తేలింది.

లైబ్రేరియన్‌గారు ఒప్పుకున్నారు. లైబ్రరీ పుస్తకాలు కొన్ని, మేం చందాలతో కొన్న బొమ్మల పుస్తకాలు కొన్ని కలిపి ఒక ట్రంకుపెట్టెలో సర్దుతున్నాం. శుక్రవారం లైబ్రరీకి సెలవు కాబట్టి ఆ రోజు సాయంత్రం రామాలయం అరుగు మీద. బళ్ళు తెరిచేదాకా ప్రతి వారం వెళ్తాం, తెరిచాక నెలకి రెండుసార్లయినా వెళ్ళాలని పిల్లలు అంటున్నారు. మూడు, నాలుగు తరగతుల వాళ్ళు సొంతంగా చదవగలిగే పెద్ద అక్షరాల తెలుగు పుస్తకాలు మా దగ్గర బాగా తక్కువ. ముందు అవి కొనాలి.