నడుం నొప్పి మాత్రతో మొదలై

నడుం నొప్పికి డాక్టరు రాసిచ్చిన మాత్రతోనే నా జబ్బు మొదలైంది. మత్తు జబ్బు అనగానే గంజాయి, సారా గుర్తొస్తాయి గానీ, మెడికల్ షాపులో బిల్లు కట్టి తెచ్చుకున్న గోళీలు ఎవరికీ గుర్తు రావు. అందుకే ఇది రాస్తున్నాను. ముఖ్యంగా నాలాంటి డ్రైవర్ల కోసం, వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్ల కోసం.

మాది అనంతపురం దగ్గర పల్లె. చీనీకాయల (బత్తాయిల) లారీ నడిపేవాణ్ణి. యార్డులో లోడు ఎత్తుకుంటే ఢిల్లీలో దించేదాకా ఆగే పని లేదు. కాయ మెత్తబడితే రేటు పోతుంది, రేటు పోతే మాట పడాల్సింది డ్రైవరే. 2016లో టార్పాలిన్ కడుతూ లోడు మీద నుంచి జారి పడ్డాను. ఎముక విరగలేదు గానీ నడుం పట్టేసింది. డాక్టరు ట్రమడాల్ క్యాప్సూళ్లు కొద్ది రోజులకని రాశాడు. ఆయన్ని నేనేమీ అనను. ఆ నొప్పికి ఆ మందు అవసరమే.

మొదటి క్యాప్సూల్ వేసుకున్న గంటకు నొప్పి తగ్గింది. దాంతో పాటు ఫైనాన్స్ కంతు టెన్షన్, బోరులో నీళ్లు పడని బాధ, ఇంట్లో మాటామాటా పెరిగిన సంగతి, అన్నీ దూరంగా జరిగినట్టు అనిపించింది. రాత్రంతా నడిపినా ఒళ్లు అలిసినట్టు లేదు. మా నాయన చనిపోయిన తర్వాత అంత తేలికగా నాకు ఎప్పుడూ లేదు. ఈ ముక్క దాచకుండా చెప్పాలి. ఎందుకంటే చాలామంది ఇది ఒట్టి సరదా కోసం మొదలవుతుందనుకుంటారు. నాకు అది సరదా కాదు, ఊపిరి తీసుకోవడానికి దొరికిన సందు.

నొప్పి పోయినా మాత్ర పోలేదు. కొన్నాళ్లకు ఒకటి చాలక రెండు, రెండు చాలక నాలుగు. షాపతను మొదట్లో చీటీ అడిగేవాడు, తర్వాత నా ముఖం చూసి ఇచ్చేవాడు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. షాపుల్లో దొరకడం కష్టమైంది. కానీ హైవే మీద దొరకనిదంటూ లేదు. రేటు మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. కంతుకు కట్టాల్సిన డబ్బు అక్కడికి పోయింది. ఇంటామె చెవికమ్మలు కూడా పోయాయి.

అప్పటికి నేను మత్తు కోసం మింగుతున్నానా అంటే, లేదు. తెల్లారి లేవగానే ఆవలింతలు మొదలయ్యేవి. నిద్ర వల్ల వచ్చేవి కావు, ఆగకుండా ఒకదాని వెంట ఒకటి. కళ్ల నీళ్లు, ముక్కు కారడం, ఎండాకాలంలో కూడా వెంట్రుకలు నిక్కబొడుచుకునే చలి. కడుపులో మెలిపెట్టి విరేచనాలు. కాళ్లు లోపల్నుంచి లాగుతూ ఉంటాయి, ఒక చోట పెట్టుకుని పడుకోలేను. వీటన్నిటికంటే భయంకరమైనది ఆ ఆరాటం. ఏదో ఘోరం జరగబోతోందని గుండె దడదడలాడేది. రెండు గోళీలు పడితే గంటలో మామూలు మనిషినయ్యేవాణ్ణి. ఆ ‘మామూలు’ కోసమే అంత డబ్బు.

ఇంట్లో వాళ్లకు ఇదంతా పొగరులా కనబడింది. తప్పు పట్టను, నాకే అలా కనబడేది. అమ్మ కసాపురం ఆంజనేయస్వామికి ముడుపు కట్టింది. అక్క వచ్చి పాప తల మీద నా చెయ్యి పెట్టించి, “ఒట్టెయ్‌రా, ఇంగ ముట్టనని ఒట్టెయ్” అంది. వేశాను. మనసారా వేశాను. రెండో రోజు రాత్రికి ఒళ్లంతా వణుకుతూ, పాప ముఖం చూడలేక, రోడ్డు మీదికి నడిచాను. అయ్యప్ప మాల కూడా వేసుకున్నాను. దీక్షలో కొన్నాళ్లు నిలబడ్డాను, పళ్లు బిగబట్టి. మాల తీసిన తర్వాత మళ్లీ అదే దారి. ప్రతిసారీ ఊరు అన్న మాట ఒకటే, “వానికి మనసు లేదప్పా”. నాకు మనసుంది. అది చాలదని మాత్రం అప్పుడు ఎవరూ చెప్పలేదు.

చివరకు ఫిట్స్ వచ్చాయి. దేవుడి దయ, అప్పుడు స్టీరింగ్ ముందు లేను, ఇంటి అరుగు మీద ఉన్నాను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ తీసి మూర్ఛరోగమని మందులిచ్చారు. నేను గోళీల సంగతి చెప్పలేదు, వాళ్లు అడగలేదు. లారీ సీటు కవరు కింద ఖాళీ స్ట్రిప్పులు ఇంటామెకు దొరికాయి. ఆమె అరవలేదు. వాటిని చేతిసంచిలో వేసుకుని నన్ను అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయి డాక్టరు టేబుల్ మీద పోసింది. “సార్, ఈయన ఇవి మింగుతాండాడు. ఎన్నని నాకు తెలీదు” అంది. ట్రమడాల్ మోతాదు మించితే ఫిట్స్ వస్తాయని ఆయన వెంటనే పట్టేశాడు. మానసిక వైద్య విభాగానికి పంపాడు.

ఈలోగా బంధువులు ఒక ‘మాన్పించే సెంటరు’ పేరు చెప్పారు. గదిలో పెట్టి తాళం వేస్తారు, ఎదురు తిరిగితే కొడతారు, మూడు నెలల్లో బాగుపడి వస్తాడు అన్నారు. మా ఇంటామె, మా బావ పోయి చూసొచ్చారు. కాళ్లకు గొలుసు ఉన్న పిల్లోణ్ణి చూసి ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు వల్ల వచ్చే మానసిక పరిస్థితి కూడా జబ్బుల లెక్కలోకే వస్తుంది, ఆ జబ్బున్న మనిషిని గొలుసులతో కట్టడం నిషిద్ధం. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఆమె చట్టం చూసి ఆగలేదు, కడుపు తరుక్కుపోయి ఆగింది. ఆమె ఆగబట్టే నేనీ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పెద్దాసుపత్రిలో నాకు విడమరిచి చెప్పింది ఒక డాక్టరు మేడం. ఓపీలో జనం కిక్కిరిసి ఉన్నా పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడింది. నొప్పిని, బాధను తట్టుకోవడానికి మన మెదడే ఒక రకం మందు తయారు చేసుకుంటుందట, పేరు ఎండార్ఫిన్లు. ట్రమడాల్, మార్ఫిన్, హెరాయిన్, అన్నీ నల్లమందు వరుసవే. ఆ ఎండార్ఫిన్లు పనిచేసే చోటే ఇవీ పోయి పట్టుకుంటాయి. బయటి నుంచి రోజూ అంత వచ్చి పడుతుంటే మెదడు తన తయారీ తగ్గించుకుంటుంది, ఆ చోట్లు కూడా మొద్దుబారతాయి. పక్క చేన్లో లోతుగా బోరు వేస్తే మన బావి ఎండిపోయినట్టు అని నేనన్నాను. “అంతే. ఆ బోరు ఒక్కసారిగా ఆపినంత మాత్రాన బావిలో తెల్లారికి నీళ్లు రావు కదా” అంది. ట్రమడాల్‌కు ఇంకో గుణం కూడా ఉందట. ఆందోళన, కుంగుబాటు తగ్గించే మందుల మాదిరి అది మెదడులో మనసు తీరును నడిపే సెరటోనిన్ అనే రసాయనం మీద కూడా పనిచేస్తుంది. అందుకే అది ఆపినప్పుడు ఒళ్లు నొప్పులతో పాటు ఆ ఆరాటం, ఆ భయం అంతగా వస్తాయి.

నాకు ఏడుపొచ్చింది. అన్నేళ్లుగా నా స్వభావం అనుకున్నదానికి ఒక కారణం ఉంది, ఒక పేరుంది, ఒక క్రమం ఉంది. చివరి మోతాదు తర్వాత ఒక రోజు లోపే మొదలవుతుంది, రెండు మూడు రోజులకు ముదురుతుంది, వారం పది రోజులకు సద్దుమణుగుతుంది. నిద్ర, దిగులు మాత్రం వారాలు తీసుకుంటాయి. ఇది తెలిసుంటే, ఒట్టు వేసిన రెండో రాత్రి అది ముదిరే రాత్రి అని తెలిసుంటే, నన్ను నేను అంతగా తిట్టుకునేవాణ్ణి కాదు.

పోలీసు కేసవుతుందేమోనని అమ్మ భయపడింది. దానికీ మేడమే సమాధానం చెప్పింది. మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అని ఒక సెక్షన్ ఉంది. అలవాటు పడిన మనిషి తానుగా ముందుకొచ్చి, ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్స పూర్తిగా తీసుకుంటే, వాడినందుకు గానీ కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకు గానీ ప్రాసిక్యూట్ చేయరు. అమ్మేవాళ్లకు ఈ రక్షణ లేదు. ఈ మాట మా పల్లెల్లో ఎంతమందికి తెలుసు?

తర్వాత బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్యశాలకు పోయాం. మత్తు జబ్బులకు అక్కడ ప్రత్యేక విభాగముంది, మా వైపు నుంచి పోయేవాళ్లకు తెలుగులో మాట్లాడేవాళ్లూ దొరుకుతారు. అక్కడ బుప్రెనార్ఫిన్, నలాక్సోన్ కలిసిన మాత్ర మొదలుపెట్టారు. మొదటి మోతాదుకు ముందు కావాలనే ఆగమన్నారు. ఆవలింతలు, చలి మొదలయ్యాకే ఇస్తామన్నారు. తొందరపడి ముందే ఇస్తే పాత మందును తోసేసి ఒక్కసారిగా యాతన తెప్పిస్తుందట. ఆ ఎదురుచూపు కష్టంగానే ఉంది, కానీ ఎందుకో తెలిసిన కష్టం. నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా మింగకుండా కూర్చున్నాను. ఒక గంటకు చలి తగ్గింది, కాళ్ల లాగుడు ఆగింది. మత్తు మాత్రం ఎక్కలేదు. కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చున్నా, అంతే.

ఆ సాయంత్రం ఇంటామె డాక్టరును సూటిగా అడిగింది. “సార్, ఈ మాత్రకు కూడా అలవాటు పడిపోడా? ఒకటి పోయి ఇంకోటి వచ్చినట్టేగా?” ఈ ప్రశ్న తర్వాత ఊరంతా అడిగింది, ఇప్పటికీ అడుగుతుంది. డాక్టరు విసుక్కోకుండా జవాబిచ్చాడు. ఈ మందు ఆ చోట్లను పట్టుకుంటుంది గానీ సగం మాత్రమే పనిచేస్తుంది. ఒక హద్దు దాటాక మోతాదు పెంచినా మత్తు పెరగదు. ఒక రోజంతా నిలుస్తుంది కాబట్టి గంట గంటకూ ఎక్కడం, దిగడం ఉండదు. శరీరం దీనికీ అలవాటు పడుతుంది, ఆపేటప్పుడు నెమ్మదిగా తగ్గించాల్సిందే. కానీ, “పొద్దున లేచి డబ్బు ఎక్కడ, గోళీ ఎక్కడ అని వెతకడం పోతుంది. పని చేసుకుంటాడు, పాపను బడికి పంపుతాడు. జబ్బు అంటే ఆ వెతుకులాటమ్మా” అన్నాడు. మందుతో పాటు సారాయి గానీ నిద్రమాత్రలు గానీ కలిపితే ఊపిరి ఆగే ప్రమాదముందని రెండుసార్లు చెప్పి, కాగితం మీద రాసిచ్చాడు.

మందు మొదలైతే కథ అయిపోయిందనుకుంటారు. నాకు అసలు కష్టం ఆ తర్వాతే. నెలలపాటు దేనిలోనూ రుచి లేదు. అమ్మ ఉగ్గాని చేసి బజ్జీలు వేసిపెడితే గడ్డి నమిలినట్టుండేది. పాప నవ్వితే నవ్వాలని తెలుసు, నవ్వు రాదు. ఎండిన బావి ఊరడానికి పట్టే కాలం ఇదేనని డాక్టరు ముందే చెప్పకపోతే, బతుకంతా ఇంతేనేమోనని మళ్లీ గోళీల దారి పట్టేవాణ్ణి. ఒకసారి పట్టాను కూడా. పాత స్నేహితుడొకడు హైవే డాబా దగ్గర కలిసి, “ఒకటే గదప్పా” అన్నాడు. మరుసటి ఫాలోఅప్‌లో చెప్తే డాక్టరు తిట్టలేదు. కొన్నాళ్లు మానేసినవాళ్లు పాత మోతాదు వేసుకుంటేనే ఎక్కువ ప్రమాదమన్నాడు. శరీరం ఆ తట్టుకునే శక్తిని పోగొట్టుకుని ఉంటుంది, ఊపిరి ఆగి పోయేవాళ్లు చాలామంది అలా పోయినవాళ్లేనట. అది విన్న రోజు నా వెన్ను జలదరించింది.

బలం ఎక్కడ నుంచి వచ్చిందని అడుగుతారు. చెప్పుకోవడానికి పెద్ద సంగతేమీ లేదు. ఫోన్‌లో డబ్బు పంపే పిన్ ఇంటామె మార్చేసింది, నేను అడగలేదు. మాత్రలు ఆమె దగ్గరే ఉంటాయి, రోజూ పొద్దున ఆమె చేతుల మీదుగా తీసుకుంటాను. లారీ వదిలేశాను. ఫిట్స్ వచ్చిన మనిషి స్టీరింగ్ పట్టకూడదు, ఇక ఆ రోడ్డు, ఆ డాబాలు చూస్తే చాలు ఒళ్లు గుర్తు చేసుకుంటుంది. యార్డులో ఒక మండీ సేటు దగ్గర కాటా లెక్కలు రాసే పనిలో కుదిరాను. డబ్బు సగానికి తగ్గింది, అప్పు ఇంకా ఉంది. కోరిక పుట్టినప్పుడు అది అరగంటలోపే తనంతట తగ్గుతుందని నేర్పించారు. అది పుట్టగానే యార్డు చుట్టూ నడుస్తాను. హమాలీలకు నా సంగతి తెలుసు. “ఏమన్నా, రౌండుకు పోతాండావా?” అని ఒక పిల్లోడు నాతో పాటు వస్తాడు. ఏమీ అడగడు. వాడు చేసిన మేలు వాడికి తెలియదు.

నడుం నొప్పి పూర్తిగా పోలేదు. ఫిజియోథెరపీలో నేర్పిన కసరత్తులు పొద్దున చేస్తాను, అవసరమైతే పారాసిటమాల్. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందే నా సంగతి చెప్పేస్తాను. మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు లేదు. బుప్రెనార్ఫిన్ మోతాదు బాగా తగ్గించారు, ఇంకా ఆపలేదు. “ఇంగ ఎన్నాళ్లురా?” అని అక్క అడుగుతుంటుంది. తొందర లేదని డాక్టరు అన్నాడు, నాకూ తొందర లేదు. ఆ మధ్య పాప బడిలో పాట పాడుతుంటే నాకు నవ్వొచ్చింది, ఎవరూ చెప్పకుండానే.

2019లో కేంద్రం బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో నల్లమందు జాతి మత్తులు వాడేవాళ్లు సుమారు 2.26 కోట్ల మంది. అందులో మాత్రలు మింగేవాళ్లు మన పక్క సీట్లోనే ఉంటారు. మీకో, మీ ఇంట్లోవాళ్లకో ఇలా ఉంటే 14446కు ఫోన్ చేయండి, మత్తు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన టోల్‌ఫ్రీ నంబరది. మనసు బాగాలేక నిద్ర పట్టని రాత్రి 14416కు, అంటే ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలిమానస్‌కు చేయండి, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీకి పొద్దున్నే పోండి. పోయేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా తీసుకుపోండి, రోజుకు ఎన్ని మింగుతున్నారో నిజం లెక్క చెప్పండి. వాళ్లు మందు కట్టేది ఆ లెక్క చూసే.