చిత్రకళా పరిషత్తులో వాల్తేరు ఆడపడుచు

మేనకోడలి సీమంతానికని విశాఖలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వేడుక ముగిసిన మర్నాడు వదినను వెంటబెట్టుకుని కుమారకృపా రోడ్డులోని కర్ణాటక చిత్రకళా పరిషత్తుకు వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నా ఆమె ఎన్నడూ అందులో అడుగుపెట్టలేదట.

రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ వేసిన హిమాలయాలను దాటి, ఆయన కుమారుడు స్వెతోస్లావ్ చిత్రించిన ఒక స్త్రీమూర్తి ముందు వదిన ఆగిపోయింది.

“పాపం, ఎవరికోసమో ఎదురుచూస్తోంది” అంది.

నాకైతే దర్పం కనిపించింది. నిటారైన మెడ, తీర్చిన కనుబొమలు, ముడిచిన పెదవులు.

“మన వైపు మనిషి కాదు” అంది వదిన మళ్ళీ.

పేరు చదివాను. దేవికారాణి! తొలినాటి హిందీ సినిమా తార. కుటుంబం బెంగాలీదే గాని, 1908లో ఆమె పుట్టింది మా వాల్తేరులోనే. చదువు ఇంగ్లండులో. 1934లో భర్త హిమాంశు రాయ్‌తో కలిసి బాంబే టాకీస్ అనే సినిమా సంస్థ స్థాపించింది. 1940లో ఆయన పోయాక సంస్థ బాధ్యత తలకెత్తుకుంది. 1945లో స్వెతోస్లావ్‌ను పెళ్ళాడి సినిమాలకు దూరమైంది. కనకపుర రోడ్డు పక్కన తాతగుణి ఎస్టేటులో ఇద్దరూ స్థిరపడ్డారు. ఆయన 1993లోనూ, ఆమె మరుసటి ఏడాదీ కన్నుమూశారు.

ఇదంతా చెప్పానో లేదో, మా ఇద్దరి కళ్ళకూ ఆ ముఖం మారిపోయింది. నేను చూసిన దర్పం తారకు ఉండాల్సిందే అనిపించింది. వదిన చూసిన ఎదురుచూపు వైధవ్యపు దిగులైంది. తెలిసిన కథనంతా ఆమె ముఖానికి పులిమేస్తున్నామని నాకు మనసు చివుక్కుమంది. పేరు కనబడకుండా చెయ్యి అడ్డుపెట్టి, “వదినా, ఇప్పుడు చూడు” అన్నాను.

దీపం వెలుగు పటం మీద మెరుస్తుంటే ఎడమకు జరిగాం. అప్పుడు పెదవి కొసన సన్నని వంపు తేలింది, నవ్వు కాదు, నవ్వబోయే ముందరిది. చూపు మా కళ్ళ మీద లేదు, కాస్త పైకి ఉంది.

వదిన చాలాసేపు చూసింది.

“ఆవిడ కూర్చుని ఉంటుంది. ఆయన నిలబడి బొమ్మ వేస్తూ ఉంటాడు. ఎదురుచూపు కాదమ్మా ఇది, ఎదురుగా ఉన్న మనిషిని చూస్తోంది” అంది.

చేతిని పేరు మీద నుంచి తీశాను. తరువాతి గదికి వెళ్ళాలని ఇద్దరికీ అనిపించలేదు.