పొడవాటి మొక్క అడక్కండి

చెట్లు పోయిన నేలల్లో మళ్లీ నాటడానికి మేం కొంతమందిమి కలిసి నడిపే నర్సరీకి వచ్చేవాళ్ల కళ్లు ముందు పొడవాటి మొక్కల మీదే పడతాయి. నేను మోకాలి ఎత్తువి చూపిస్తే మొహం చిన్నబుచ్చుకుంటారు. అప్పుడు బాగా ఎదిగిన మొక్క ఒకటి తీసి కవరు చీల్చి చూపిస్తాను. అడుగున తల్లివేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. నాటాక కూడా అది చుట్టూ తిరుగుతుందే గానీ లోతుకు దిగదు. పైన బోలెడంత ఆకు, కింద చారెడు వేరు. వానలు ఆగగానే దాని సంగతి తేలిపోతుంది.

అందుకే నాటే రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుని విత్తనం వేస్తాం. కానీ ఆ లెక్కకు అన్ని విత్తనాలూ లొంగవు. నేరేడు, వేప గింజల్లో మొలిచే శక్తి కొద్ది వారాలే ఉంటుంది. పండు రాలగానే గుజ్జు కడిగి వేసేయాల్సిందే. అవి మళ్లీ వానాకాలం దాకా నర్సరీలోనే ఉండాలి కాబట్టి పెద్ద కవర్లు వాడతాం, అప్పుడప్పుడూ జరుపుతూ ఉంటాం. జరపకపోతే వేరు కవరు రంధ్రంలోంచి నేలలోకి దిగిపోతుంది. నల్లతుమ్మ అలా కాదు, ఎన్ని నెలలైనా దాచుకోవచ్చు. దాని పెంకు గట్టిది, మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నాననిస్తే గానీ సరిగ్గా మొలవదు.

ఒకే చెట్టు కింద బస్తా నింపుకుని రావడం నాకు నచ్చదు. పని తేలికే, కానీ మొక్కలన్నీ ఒక తల్లి బిడ్డలే అవుతాయి. ఒక తెగులుకు లొంగితే అన్నీ లొంగొచ్చు. దూరదూరంగా ఉన్న చెట్ల నుంచి తలా కాస్త ఏరుకొస్తాం.

నాటడానికి నెల ముందు షేడ్ నెట్ కొద్దికొద్దిగా తీసేస్తాం, నీళ్లు తగ్గిస్తాం. ఆకులు కాస్త వాడితే కొత్తవాళ్లకు టెన్షన్, ఎవరూ చూడకుండా చెంబుతో పోసేస్తుంటారు! కానీ ఆ ఎండ ఇక్కడ చూడని మొక్క అక్కడ మొదటి వారమే మాడిపోతుంది.

ఇక నాటబోయే స్థలంలో గునపం పట్టే ముందు ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పక్కకు తీసి చూడమంటాను. నరికిన మొద్దుల నుంచి చిగుళ్లు, తమంతట తాము మొలిచిన మొక్కలు చాలాచోట్ల దొరుకుతాయి. వాటి చుట్టూ కలుపు తీసి, పశువులు రాకుండా చూస్తే చాలు. వాటి వేళ్లు అప్పటికే నేలలో ఉన్నాయి, మన నారు వాటితో పోటీ పడలేదు. సహజంగానే గడ్డినేల అయిన చోట అసలు గుంతలే తవ్వకూడదు, అది చెట్ల కోసం ఎదురుచూస్తున్న ఖాళీ స్థలం కాదు.

మిగతా మొక్కల్ని ఎదగనీయకుండా కమ్మేసే లాంటానా పొదను పైపైన నరికితే మరింత గుబురుగా లేస్తుంది. నేల కింద వేరు మొదలయ్యే చోటు తెగాలి.

గుంతలు ఎండాకాలంలోనే, వాలు మీదైతే వాలుకు అడ్డంగా వరసల్లో తవ్వుతాం. పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క. నాటేటప్పుడు పైమట్టి వేళ్ల దగ్గరికి వెళ్తుంది, అడుగు మట్టి పల్లం వైపు అర్ధచంద్రాకారపు గట్టు అవుతుంది. ఎరువు వేస్తే బాగా చివికినదే, పచ్చిపేడ చెదల్ని పిలుస్తుంది. మొదటి వాన పడిందని పరుగెత్తం. గుంతలో జానెడు లోతు వరకు తడి దిగిందని చేత్తో తవ్వి చూసుకున్నాకే మొక్కలు బండెక్కుతాయి.