మస్టాంగ్‌కు కార్బన్ ఫైబర్ డ్రైవ్‌షాఫ్ట్: నా అనుభవం

కార్బన్ ఫైబర్ డ్రైవ్‌షాఫ్ట్ వేయిస్తే ఇరవై హార్స్‌పవర్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. డ్రైవ్‌షాఫ్ట్ అంటే ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాల వైపు తిరుగుతూ మోసుకెళ్లే పొడవాటి గొట్టం. నా 2018 ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి కార్బన్ ఫైబర్‌ది వేయించుకున్నాను, పెట్టిన డబ్బుకు తృప్తిగానే ఉన్నాను. కానీ ఆ తృప్తికి హార్స్‌పవర్‌తో సంబంధం లేదు.

మేము ఉండేది టెక్సస్‌లో, డాలస్ శివార్లలో. సొంత కార్లను ట్రాక్ మీదికి అనుమతించే రోజుల్లో ఆస్టిన్ దగ్గరి సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌కు వెళ్లి నడుపుతుంటాను. అక్కడి పొడవాటి వెనుక స్ట్రెయిట్ (వంపుల్లేని దారి) చివరికి చేరేసరికి నా కారు గంటకు 140 మైళ్లు దాటుతుంది. వెనుక యాక్సిల్ నిష్పత్తి 3.73, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు 3.73 చుట్లు తిరుగుతుంది. టైర్ల కొలత 275/40 ఆర్19. ఈ లెక్కన 140 మైళ్ల వేగంలో డ్రైవ్‌షాఫ్ట్ నిమిషానికి సుమారు 6,500 సార్లు తిరుగుతుంది. మనం కూర్చున్న సీటుకు జానెడు దూరంలో, సన్నని రేకు అవతల.

కంపెనీ ఇచ్చినది రెండు ముక్కల ఉక్కు షాఫ్టు. మధ్యలో దాన్ని పట్టుకోవడానికి రబ్బరులో కూర్చున్న సెంటర్ బేరింగు ఉంటుంది. నా కారులో ఆ రబ్బరు అలసిపోయింది. ఆగి ఉన్న కారును కదిలించినప్పుడల్లా కింద చిన్న అదురు. డీలరు మొత్తం షాఫ్టునే మార్చాలన్నాడు. ఎలాగూ మార్చాల్సిందే అయినప్పుడు ఒకే ముక్క కార్బన్ షాఫ్టు ఎందుకు వేయకూడదన్న ఆలోచన అప్పుడు వచ్చింది.

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీ షాఫ్టులు బాగుచేస్తూ జీవితం గడిపిన మనిషి. ఫోనులో ఈ సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "సెంటర్ బేరింగు తీసేస్తే అంత పొడవు షాఫ్టు ఊగిపోదా నాన్నా?" అసలు ప్రశ్న అదే. ఎంత పొడవుంటే ఎంత వేగం తట్టుకుంటుందో ఆయనకు చేతుల్లో తెలుసు.

ప్రతి షాఫ్టుకూ ఒక హద్దు వేగం ఉంటుంది. దాని చేరువకు వెళితే గొట్టం మధ్యభాగం పిల్లలు ఆడే తాడాటలో తాడులా విల్లువంపు తిరుగుతుంది, ఆపైన విరుగుతుంది. పొడవు రెట్టింపైతే ఆ హద్దు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే కంపెనీలు షాఫ్టును రెండు ముక్కలు చేసి మధ్యలో బేరింగు పెడతాయి. ఉక్కు బదులు అల్యూమినియం వాడితే ఈ విషయంలో ఒరిగేది తక్కువ. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు, వంగకుండా నిలిచే బిగువు కూడా దాదాపు మూడో వంతే, కాబట్టి లెక్క సమానమైపోతుంది. గొట్టాన్ని లావు చేసుకోగలగడమే దానితో వచ్చే లాభం. కార్బన్ ఫైబర్‌లో బరువు తగ్గినా బిగువు ఆ మేరకు తగ్గదు. పోగుల్లో కొన్నింటిని పొడవు వెంట చుడితే గొట్టం వంగదు, కొన్నింటిని 45 డిగ్రీల ఏటవాలులో చుడితే మెలిపెట్టే బలాన్ని తట్టుకుంటుంది. ఫోర్డ్ 2013 షెల్బీ జీటీ500ను 662 హార్స్‌పవర్‌తో, 200 మైళ్ల వేగం లక్ష్యంగా చేసినప్పుడు ఒకే ముక్క కార్బన్ షాఫ్టును ఎంచుకున్నది ఇందుకే. ఇదంతా వివరించాక బాబాయి కాసేపు ఆగి, "అయితే అతుకు దగ్గర చూసుకో" అన్నారు. కార్బన్ గొట్టాన్ని లోహపు కొసలకు జిగురుతో అతికిస్తారు, అక్కడి నాణ్యతే ప్రాణం. అందుకని చవక రకాల జోలికి పోలేదు. ధర రెండు వేల డాలర్ల చేరువకు వచ్చింది.

ఆర్డరు చేసేముందు గేర్‌బాక్స్ మాన్యువలా ఆటోమేటికా, కారు ఎత్తు తగ్గించారా, ఇంజన్ మౌంట్లు మార్చారా అని అడిగారు. వీటికి సరైన జవాబులు ఇవ్వాలి, పొడవూ కోణాలూ వీటి మీదే ఆధారపడతాయి.

బిగింపు నాకు తెలిసిన చిన్న గ్యారేజీలో, లిఫ్టు మీద, నేనూ పక్కనే ఉండి చేయించాను. ఎగ్జాస్టు, వేడి కవచాలు ముందు దింపాలి. పాత షాఫ్టు వెనుక ఫ్లాంజి (బోల్టులతో బిగించే చదునైన పళ్లెం) తుప్పుతో పట్టేసింది, రబ్బరు సుత్తితో చుట్టూ తట్టి ఊడదీశారు. పాతదాన్నీ కొత్తదాన్నీ తూస్తే కొత్తది దాదాపు సగం బరువే. బోల్టులన్నీ కొత్తవి, థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) పూసి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో చెప్పిన కొలతకే బిగించాలి. మొదటి గేరులో ఈ ఇంజన్ 420 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం) 3.24 రెట్లై షాఫ్టు మీదికి వస్తుంది, అంటే 1,360. చేతి అంచనాతో బిగించే చోటు కాదు ఇది. షాఫ్టు కోణంలో తిరగడానికి వీలిచ్చే కీలును జాయింటు అంటారు. ముందు జాయింటుకు దగ్గరలో షాఫ్టు చుట్టూ ఉక్కు సేఫ్టీ లూప్ కూడా పెట్టించాను. జాయింటు తెగితే షాఫ్టు ముందు కొస రోడ్డు మీద పడకుండా ఆపేది అదే. డ్రాగ్ రేసింగ్ నిబంధనల్లో అది ముందు జాయింటుకు 6 అంగుళాల లోపే ఉండాలంటారు. రేసుకు వెళ్లకపోయినా పెట్టించుకోమనే నా సలహా.

బయటికి తీసుకెళ్తే 70 మైళ్ల దగ్గర సీటు కింద సన్నని కంపనం. చాలామంది ఇక్కడే షాఫ్టును తిట్టి వెనక్కి పంపేస్తారు. కొలిచి చూడకుండా ఆ పని చేయకూడదు. కంపనాన్ని కొలిచే చిన్న సెన్సరును సీటు పట్టాకు బిగించి, ల్యాప్‌టాప్‌కు తగిలించి, మా ఆవిడ నడుపుతుంటే పక్కన కూర్చుని చూశాను. 70 మైళ్ల వేగంలో చక్రం సెకనుకు పద్నాలుగున్నర సార్లు తిరుగుతుంది, షాఫ్టు సుమారు 54 సార్లు. ల్యాప్‌టాప్ తెర మీది గీతలో కంపనం ఎక్కువున్న చోట శిఖరం లేస్తుంది. టైరులో లోపముంటే ఆ శిఖరం సెకనుకు 14 కుదుపుల దగ్గర రావాలి. జాయింటు కోణం తప్పితే చుట్టుకు రెండు కుదుపులు వస్తాయి కాబట్టి 108 దగ్గర రావాలి. నాకు తెర మీద నిటారుగా లేచింది 54 దగ్గర. అంటే చుట్టుకు ఒక్క కుదుపు: బ్యాలెన్సు తేడా, లేదా షాఫ్టు ఎక్కిన ఫ్లాంజి కాస్త పక్కకు తిరుగుతోంది.

మళ్లీ లిఫ్టెక్కించి డిఫరెన్షియల్ (షాఫ్టు బలాన్ని వెనుక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఫ్లాంజికి, చిన్న తేడానూ ముల్లుతో చూపే డయల్ గేజీ ఆనించి చేత్తో తిప్పితే ముల్లు ఒక వైపు మొగ్గింది. కొత్త షాఫ్టు బరువు కూడా అటే మొగ్గి ఉంటే రెండూ కలిసి కంపనం పెరుగుతుంది, ఎదురెదురుగా పెడితే ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. షాఫ్టును ఫ్లాంజి మీద ఒక్కో రంధ్రం జరుపుతూ ప్రతిసారీ రోడ్డు మీద కొలిచాం. సగం చుట్టు తిప్పిన చోట 54 దగ్గరి శిఖరం మిగతా సందడిలో కలిసిపోయింది. ఆ స్థానానికి తెల్ల పెయింటుతో గుర్తు పెట్టాను.

ఇప్పుడు కారు కదిలేటప్పుడు అదురు లేదు. యాక్సిలరేటర్ వదిలి తిరిగి నొక్కినప్పుడు మధ్యలో ఉండే తడబాటు తగ్గింది. డిఫరెన్షియల్ పళ్ల సన్నని కూత 60 మైళ్ల దగ్గర మునుపటికన్నా వినిపిస్తుంది, మధ్యలో దాన్ని మింగే రబ్బరు లేదు కదా. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికే కారు ఉన్నవాళ్లకు ఈ ఖర్చు అనవసరం, ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోవడం మేలు. ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా వేగం 130 దాటేవాళ్లకు, నేను గట్టిగా చెబుతాను: వేయించుకోండి. ఉక్కు గొట్టం తెగితే కారు అడుగును చీల్చగలదు, కార్బన్ గొట్టం పోగులు పోగులుగా చీలిపోతుంది. ఆ తేడా ఒక్కటే చాలు.

ఆయిల్ మార్పించేటప్పుడు మాత్రం షాఫ్టు మీద గొలుసు గానీ జాకీ గానీ ఆనకుండా దగ్గరుండి చూసుకుంటాను. గీత లోతుగా పడితే పోగులు తెగుతాయి, దాన్ని బాగుచేయడం కుదరదు. కొన్ని వందల మైళ్లు తిరిగాక బోల్టుల బిగువు మళ్లీ పరీక్షించాను, ఏదీ వదులు కాలేదు.